మన జట్టు, వాళ్ళ జట్టు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నరసరావుపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది సర్కారు వారు దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. అందుకని ఏటా ఈ రోజున మనం డి.ఏ. బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "లెక్కల సంగతి మేము చూసుకుంటాం. మీరు ఇంకేదైనా చెప్పండి. ఆడవాళ్ళూ పిల్లలూ వస్తున్నారు, కాస్త వినసొంపుగా ఉండాలి" అన్నారు. సరేనన్నాను. ఏం చెప్పాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. చివరకు సమస్యకు పరిష్కారం మా మనవడు చూపించాడు.

వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. ఒకరోజు టీవీలో బ్రెజిల్ దేశపు ఆట చూస్తున్నాడు. ఒక జట్టు నీలం చారలు, ఇంకొకటి ఎర్ర చొక్కాలు. "తాతయ్యా, ఇది పోర్టో అలెగ్రే అనే ఊరు. దేశానికి దక్షిణపు కొసన ఉంటుంది. ఊరంతా రెండుగా చీలి ఉంటుంది. సగం గ్రేమియో, సగం ఇంటర్నాసియొనాల్" అని వివరించాడు. గ్రేమియో 1903లో పుట్టిందట. ఉన్న క్లబ్బుల్లో తమను చేర్చుకోలేదని కొందరు కుర్రవాళ్ళు 1909లో ఇంటర్నాసియొనాల్ పెట్టుకున్నారని చెబుతారు. అదే ఏడాది జులైలో రెండు జట్లూ మొదటిసారి తలపడ్డాయి. కొత్త జట్టు 10-0 తేడాతో ఓడిపోయింది.

"పదికి సున్నానా! మరి ఆ జట్టు మూతపడలేదూ?" అన్నాను.

"మూతపడటమేంటి తాతయ్యా! ఆ తర్వాత దేశ ఛాంపియన్ అయింది, 2006లో ప్రపంచ క్లబ్బుల కప్పు కూడా కొట్టింది. వీళ్ళ పోటీ వందేళ్ళు దాటినా ఇంకా సాగుతూనే ఉంది" అన్నాడు. అని ఊరుకోలేదు. "మనకి అలాంటి జట్టు ఏదైనా ఉండేదా?" అని అడిగాడు.

ఉండేది. ఆ సంగతే ఈ రోజు మీకు మనవి చేస్తాను.

పోటీ అంటే ఏమిటో పల్నాటి వాళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు. కోడిపోరుతో మొదలై కారెంపూడి యుద్ధరంగం దాకా వెళ్ళిన కథ మనది. గురజాల ఒకవైపు, మాచర్ల ఒకవైపు. ఎనిమిది వందల ఏళ్ళు గడిచినా కార్తీకంలో వీరుల గుడి దగ్గర ఇంకా ఆయుధాలకు పూజ చేస్తున్నాం. అయితే ఆ కథలో నాకు కత్తుల కంటే ఎక్కువ ఇష్టమైనది చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. నేను చెప్పబోయే జట్టులో కూడా ఆ చాపకూడు ఉంది.

ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. నేను పుట్టింది గురజాల దగ్గర పల్లెటూరిలో, 1951లో. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, హైదరాబాదు వేరే రాష్ట్రం. కనుక మా ఊళ్ళో ఆ జట్టు పేరు విన్నవాడు ఎవరూ లేరు. మాకు తెలిసిన ఆటలు చెడుగుడు, గోడుంబిళ్ళ, కాస్త పెద్దయ్యాక వాలీబాల్. 1976లో హైదరాబాదులో ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరాక నాకు ఈ జట్టు కథ తెలిసింది. చెప్పినవారు మా సెక్షను సూపరింటెండెంటు గారు. ఆయన పాత నగరం మనిషి. చిన్నప్పుడు రహీం గారి దగ్గర చదువుకున్నానని చెప్పుకునేవారు. మధ్యాహ్నం ఇరానీ చాయ్ సాసర్లో పోసుకుంటూ, ఏ గోలు ఏ ఏడాది పడిందో, ట్రెజరీ బిల్లు నంబర్లు చెప్పినంత ఖచ్చితంగా చెప్పేవారు.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా పట్టభద్రులు, వృత్తిరీత్యా బడి పంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. అక్కడి నుంచి చూడండి, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు హైదరాబాద్ పోలీసులే తెచ్చారు. ఆ కప్పు 1891 నాటిది. ఐదేళ్ళు వరుసగా అంటే ఐదు ఇంక్రిమెంట్లు ఆగకుండా పడినంత తేలిక కాదు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్. 1911లోనే మోహన్ బగాన్ వాళ్ళు ఇంగ్లీషు సైనిక జట్టును ఓడించి షీల్డు గెలిచారు. వాళ్ళకు డబ్బుంది, పత్రికలున్నాయి, లక్షల్లో జనమున్నారు. మన వాళ్ళకు ఏముంది? నెల జీతం, పోలీసు ఉద్యోగం, ఒక పంతులు గారు.

ఈ పోటీ ఎలా నడిచిందో చెప్పడానికి ఒక్క డ్యూరాండ్ కప్పు చాలు. 1888లో సిమ్లాలో మొదలైన ఆ పోటీ, దేశ విభజన గందరగోళం తర్వాత 1950లో ఢిల్లీలో తిరిగి ప్రారంభమైంది. ఫైనల్లో హైదరాబాద్ పోలీస్, మోహన్ బగాన్. మొదటి రోజు 2-2 సమానం. మళ్ళీ ఆడితే మన వాళ్ళు 1-0తో గెలిచారు. 1952లో ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. 1954లో మళ్ళీ కప్పు తెచ్చారు. 1956 ఫైనల్లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మళ్ళీ ఓటమి. మరుసటి ఏడాది 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌ను అదే ఫైనల్లో 2-1తో ఓడించారు. 1961లో మోహన్ బగాన్ మీద 1-0 గెలుపు. 1962లో చైనా యుద్ధం వల్ల పోటీ జరగలేదు. 1963లో మోహన్ బగాన్ చేతిలో ఓటమి.

గుమాస్తా బుద్ధి కదా, కూడి చూశాను. కలకత్తాకు చెందిన ఈ రెండు పెద్ద జట్లతో ఆ పద్నాలుగేళ్ళలో ఆరు ఫైనళ్ళు. మన వాళ్ళు గెలిచినవి మూడు, ఓడినవి మూడు. పద్దు సరిపోయింది! 1962 రోవర్స్ కప్పు ఫైనల్లో కూడా ఈస్ట్ బెంగాల్, మన జట్టు ఉమ్మడి విజేతలయ్యారు. ఇలా తూకం సరిగ్గా నిలిచే పోటీలో ఎదుటివాడు మనల్ని పెద్దవాణ్ణి చేస్తాడు. మా సూపరింటెండెంటు గారు ఈస్ట్ బెంగాల్ పేరు ఎత్తినప్పుడల్లా తిట్టేవారు కాదు. వాళ్ళ ముందు వరుసలో ఆడిన ఐదుగురిని కలకత్తా జనం పంచపాండవులు అనేవారు. ఆ ఐదుగురిలో అప్పారావు ఒకరు. "మీ తెలుగువాడే నోయ్" అని నాకు గుర్తుచేసేవారు.

రహీం గారు ఏం నేర్పేవారు? బంతిని ఒక్కడే పట్టుకుని తిరగొద్దు, పక్కవాడికి ఇచ్చి ఖాళీలోకి పరిగెత్తు అనేవారట. బంతిని కాలితో తిప్పుకుంటూ పోవడం నిషేధించి ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాణ్ణి ఎడమకాలితోనే ఆడించేవారు. నలుగురు వెనుక, ఇద్దరు మధ్యన, నలుగురు ముందు నిలబడే పద్ధతితో 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచింది. అలాంటి ఆట రహీం గారు అంతకు ముందే ఆడించారని ఆయన అభిమానులు గట్టిగా అంటారు. ఎవరు ముందైనా, బడి పంతులు బుర్రా బ్రెజిల్ వాళ్ళ బుర్రా ఒకే దారిన నడిచాయంటే చాలు నాకు.

మనవడు చెప్పిన పదికి సున్నా కథ వినగానే నాకు ఇంకొకటి తట్టింది. రహీం గారు భారత జట్టుకు కూడా శిక్షకులు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాదే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ చలిలో మన వాళ్ళలో చాలామంది ఒట్టి కాళ్ళతో ఆడారు. ఇంకొకరైతే ఆ ఓటమితో రాజీనామా రాసిచ్చి ఇంటికి పోయేవారు. రహీం గారు పోలేదు. బూట్లు తొడిగించారు, పద్ధతి మార్చారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ ఎదురైంది మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి 4-1. ఓటమే కావచ్చు. కాని మొదటి గోలు కొట్టింది మన వాళ్ళు. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎన్నడూ వెళ్ళలేదు.

ఆ రోజుల్లో భారత జట్టులో ఆడిన హైదరాబాద్, సికింద్రాబాద్ బిడ్డల పేర్లు వినండి. నూర్ మొహమ్మద్, అజీజ్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్. నమాజు చేసేవాడు, గుడికెళ్ళేవాడు, చర్చికెళ్ళేవాడు. ఒకే బంతి, ఒకే పంక్తి. చాపకూడు అని నేనన్నది ఇందుకే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నేళ్ళకు సిటీ పోలీస్ జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అయింది. 1960 రోవర్స్ కప్పు ఆ పేరుతోనే గెలిచారు. అంటే పల్నాటి వాడైన నేను కూడా ఊరకే కూర్చుని, ఒక్క బంతీ తన్నకుండా, ఆ జట్టులో వాటాదారుణ్ణయ్యాను. 2014లో రాష్ట్రం రెండుగా అయింది. ఆస్తులూ అప్పులూ పంచుకున్నారు, ఫైళ్ళు పంచుకున్నారు. ఈ జట్టు పేరుప్రతిష్ఠలు ఎవరి వాటాకు వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. అడగక్కర లేదు కూడా. తాత సంపాదించిన పేరు అన్నదమ్ములు ఇద్దరికీ చెందుతుంది.

1962 సెప్టెంబరు 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. అప్పటికే రహీం గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఎదురుగా దక్షిణ కొరియా. లక్ష మంది దాకా జనం, మన వాళ్ళకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. వెనుక వరుసలో ఆడవలసిన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం గారు అతణ్ణి ముందు వరుసలో నిలిపారు. అతనే ఒక గోలు కొట్టాడు. ఇంకొకటి పి.కె. బెనర్జీ. 2-1తో బంగారు పతకం. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. ఆ ఏడాది ఆయన జట్టు రోవర్స్ కప్పు మరోసారి గెలిచింది. అది తొమ్మిదోసారి, అదే చివరిసారి.

తర్వాత ఏమైందంటే, మామూలుగా ఏమవుతుందో అదే అయింది. మంచి ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1966లో హబీబ్, నయీముద్దీన్ కూడా అక్కడికే వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఎక్కడ ఆదరణ ఉంటే అక్కడికి మనిషి పోతాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు నయీముద్దీన్. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో బ్రెజిల్ మహానుభావుడు పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 సమానంగా నిలిస్తే, అందులో ఒక గోలు మన హబీబ్‌దే. ఆ మర్నాడు మా సెక్షనులో ఒక్క కాగితం కదలలేదు. సూపరింటెండెంటు గారు అందరికీ చాయ్ పోయించారు. "చూశావా, పీలే ముందు కూడా రహీం ఊరివాడే" అన్నారు.

ఇంతవరకు చెప్పింది ఊరి కథ. ఇప్పుడు చెప్పేది నా కథ. పేరు, శాఖ, కార్యాలయం చెప్పను. ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. నిందించవలసి వస్తే నన్నే నిందించాలి.

1983లో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించారు. మీలో చాలామందికి ఆ దెబ్బ గుర్తుండే ఉంటుంది. ఒక్కసారిగా పెన్షన్ కాగితాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. వాటిలో ఒకటి ఒక పాత ఆటగాడిది. నేను చెప్పిన పెద్ద జట్టు మనిషి కాదు, ఒక శాఖ జట్టులో ఆడినవాడు. చిన్న ఉద్యోగం. ఆయన సర్వీసు రిజిస్టరులో 1950ల్లో అక్కడక్కడా ఖాళీలున్నాయి. అన్నీ కలిపితే మూడు నెలల పదకొండు రోజులు. ఆ రోజులు డ్యూటీయా, సెలవా అన్న నమోదు లేదు. నేను రూలు ప్రకారం నోటు రాశాను. "సదరు కాలమును డ్యూటీగా పరిగణించుటకు తగు ఉత్తర్వులు జతపరచబడలేదు. తిప్పి పంపవచ్చును." రాసి, నీలి సిరాతో సంతకం చేసి, బాగా రాశానని మురిసిపోయాను కూడా. అలా మూడుసార్లు తిప్పి పంపాను.

నాలుగోసారి ఆయనే వచ్చారు. కుడి మోకాలు వంగదు. వరండాలో బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్నారు. "ఆ రోజుల్లో మీరు ఎక్కడున్నారో రుజువు కావాలండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. "బాబూ, ఆ రోజుల్లో నేను బంతి వెనకాల ఉన్నాను. కాగితం వెనకాల ఉండాలని అప్పుడు ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆయన తెచ్చిన రుజువు ఒక ఫోటో. పదకొండు మంది నిలబడి ఉన్నారు. వెనకాల పేర్లు లేవు, తేదీ లేదు. తేదీ లేని కాగితం రుజువు కాదని చెప్పి తిరిగి ఇచ్చేశాను.

సాయంత్రం సూపరింటెండెంటు గారికి ఈ సంగతి తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రికార్డు గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "పోటీలకు పంపేటప్పుడు ఉత్తర్వు లేకుండా రైలు టిక్కెట్టు ఇచ్చి ఉండరు. వెళ్ళి వెతుకు" అన్నారు. రెండు రోజులు దుమ్ములో కూర్చుని పాత డెస్పాచి రిజిస్టర్లు తిరగేశాను. ఉన్నాయి. నాలుగు ఉత్తర్వులు, నంబర్లతో సహా. రుజువు ఆయన దగ్గర లేదు, మా దగ్గరే ఉంది. మొదటిరోజే నేను లేచి ఆ గదిలోకి వెళ్ళి ఉంటే సరిపోయేది.

ఈలోపు పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆ పద్నాలుగు నెలలు ఆయన ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. పెన్షన్ మంజూరైన రోజున ఆయన వచ్చి నాకే నమస్కారం పెట్టి వెళ్ళారు. మిత్రులారా, ఉద్యోగంలో నాకు చీవాట్లు పడ్డాయి, మెమోలు వచ్చాయి, అన్నీ మరిచిపోయాను. ఆ నమస్కారం మాత్రం ఇప్పటికీ దిగమింగుడు పడలేదు. ఆ తర్వాత పాతికేళ్ళ పైచిలుకు ఉద్యోగం చేసి 2009లో రిటైరయ్యాను. రికార్డు గదిలో వెతక్కుండా మరొక పెన్షన్ ఫైలు తిప్పి పంపలేదు. అదొక్కటే నేను చెల్లించగలిగిన బకాయి.

ఇది ఈనాడు ఎందుకు చెబుతున్నానంటే, గెలిచిన రోజు చప్పట్లు కొట్టడానికి జనం ఉంటారు. మోకాలు వంగని రోజున ఎవరుంటారన్నదే ప్రశ్న. నకారా తీర్పు చెప్పింది కూడా అదే కదా, చేసిన సేవ మరిచిపోకూడదని. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో, హబీబ్ గారు అదే ఏడాది ఆగస్టు 15న వెళ్ళిపోయారు. రోవర్స్ కప్పు పోటీ ఆగిపోయి పాతికేళ్ళు అవుతోంది. 2019లో హైదరాబాదు పేరుతో కొత్త క్లబ్బు ఒకటి వచ్చి, 2022లో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పోర్టో అలెగ్రేలో రెండు జట్లూ ఊళ్ళోనే ఉన్నాయి, ఎందుకంటే తాత మనవడికి కథ చెబుతున్నాడు. మనం చెప్పడం మానేశాం.

అందుచేత నాదొక చిన్న విన్నపం. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర లేదు, నిధుల మంజూరు అక్కర లేదు. మీ ఇళ్ళల్లో, మీరు చదివిన బడుల్లో పాత జట్ల ఫోటోలు ఉంటాయి. చెడుగుడు కావచ్చు, వాలీబాల్ కావచ్చు, ఫుట్‌బాల్ కావచ్చు. గుర్తుపట్టే కళ్ళు మనకు ఉండగానే, ఫోటో వెనకాల పేర్లూ, ఊరూ, సంవత్సరమూ రాయండి. పెన్సిలుతో రాస్తే ఫోటో పాడుకాదు. మన తర్వాత ఏ కుర్ర గుమాస్తా అయినా "తేదీ లేదు, రుజువు కాదు" అనకుండా ఉంటాడు.

మా మనవడికి ఈ కథంతా చెప్పాను. విని, "అయితే తాతయ్యా, మన జట్టు మూడు, వాళ్ళ జట్టు మూడు. ఏడో ఆట బాకీ ఉందన్నమాట" అన్నాడు. బాకీ ఉందిరా అన్నాను. పిల్లలు ఆడతారో లేదో వాళ్ళిష్టం. బాకీ ఉన్న సంగతి మాత్రం వాళ్ళకు తెలియాలి.

 అందరూ సకాలంలో లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చి, నూరేళ్ళు ఇస్తూనే ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.